మిగిలిన సగం కోలా గింజ

ఆనకట్ట తూము చూసే కేంద్రం ఆఫీసరు మాలం ఇద్రిస్ గారికి,

మీరూ మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. ఇది వయోజన బడిలో నేర్చిన రాత, తప్పులుంటే కోపగించుకోకండి. మూడుసార్లు వచ్చాను, మీ కాపలావాడు లోపలికి పంపలేదు. "కాలువ రాష్ట్రానిది. వాళ్ళు పూడిక తీస్తేనే మేం తూము ఎత్తేది, వెళ్ళు ముసలమ్మా" అన్నాడు.

రాష్ట్రం ఆఫీసరు మాలం గర్బా దగ్గరికి వెళ్తే, "తూము కేంద్రానిది. నీళ్ళు రాని కాలువకి పూడిక తీసి ఏం లాభం" అన్నారు. మా పక్కచేను తలాతు నవ్వుతుంది, "కాలువకి ఇద్దరు మొగుళ్ళక్కా, బట్ట కొనేవాడు ఒక్కడూ లేడు" అని.

నాకు నవ్వు రావడం లేదు. ఉల్లినారు ముదిరిపోతోంది. పదిరోజుల్లో నాటకపోతే ఈ ఏడు నా మనవరాళ్ళకు తిండి లేదు. అందుకే మాలం గర్బాకు, మాట కలుపుకునేటప్పుడు పంచుకునే కోలా గింజ విరిచి సగం ఇచ్చాను. ఆయన నోట్లో వేసుకున్నాక, మిగతా సగం నాకు కాదు, మీకని చెప్పాను. నమలడం ఆపేశారు.

"నన్ను ఇరికించావు కదా అవ్వా. సరే, ఆయన తింటే మర్నాడే పూడిక తీసే యంత్రం పంపుతా" అన్నారు.

చెరిసగం తిన్నవాళ్ళు మాట తప్పకూడదని మీకు నేను చెప్పాలా. పళ్ళ నొప్పి ఉంటే నూరుకుని అయినా తినండి. గింజ ఎండిపోతుందేమోనని తడి ఆకులో చుట్టి పంపుతున్నాను. ఆ తడి నారుకు చల్లే చెంబులోది, అందుకే ఎక్కువ పోయలేదు.

ఇట్లు,
కాలువ చివరి చేను ముసలమ్మ