ఒడ్డున కూటం గురించి సంజాయిషీ

మండల తహసీల్దారు గారి సముఖమునకు,

ఎన్నికల నిషేధాజ్ఞలు అమలులో ఉండగా మా పాళెం ఒడ్డున కూటం ఎందుకు పెట్టారని తమరు అడిగారు. కూటం అన్న మాట మాకు పాతది. పూర్వం పెద్ద వల లాగడానికి చేరినా కూటమే, తగవు తీర్చడానికి చేరినా కూటమే. ఆ పనులిప్పుడు మరబోట్లకూ, తమ కార్యాలయానికీ దఖలు పడ్డాయి. మాకు మిగిలింది మూడవది: సముద్రం మీద చేపల వేటకు పోయినవాడు తిరిగి రాకుంటే, వచ్చేవరకు అతని ఇంటివారిని ఒడ్డున ఒంటరిగా వదలకపోవడం. మొన్న పోయిన మునెయ్య ఇంకా రాలేదు.

"ఇక్కడేం కూటం? లేవండి!" అని కానిస్టేబులు గారు గద్దించగా, మునెయ్య భార్య కామమ్మ, "ఆయన్ని తెచ్చీండి సార్, మేమే లేచి పోతాం. ఎండలో కూసోని ఉండాలని మాకేమన్నా సరదానా?" అన్నది. దీనిని విధులకు ఆటంకంగా నమోదు చేశారు.

మమ్మల్ని లేపడానికి జీపు వచ్చింది. మునెయ్యను వెతకడానికి గస్తీ పడవను కూడా పంపవలసిందిగా ప్రార్థన.

నలుగురికి మించి ఉండరాదన్న ఆజ్ఞను శిరసావహిస్తాము. కామమ్మ పక్కన కూర్చోవలసిన ముగ్గురెవరో తమరే ఖరారు చేయగలరు. మేము ప్రయత్నించాము, లేచి పోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

ఇట్లు,
పాళెం వారి తరఫున