వదిన ప్రార్థనలో నా కవిత

శుక్రవారం, మెట్టుగూడ

బీరువాలో చీరల కింద దాచిన నా కవితల నోట్‌బుక్‌ను వదిన, అదే మా ఆయన అక్క, చదివేసింది. చదివి నన్నేమైనా అడిగిందా? లేదు. ఈ సాయంత్రం మా ఇంట్లో జరిగిన స్త్రీల ప్రార్థన కూటంలో మోకరించి, కళ్ళు మూసుకుని దేవుడికి చెప్పింది.

"తండ్రీ, మా తమ్ముడి పక్కన పడుకుంటే గోడ పక్కన పడుకున్నట్టుంటుందని మా మరదలు రాసుకుంది. ఆ చేతిని నీవే ఆపు ప్రభువా."

కళ్ళు తెరిచి చెబితే చాడీ, మూసుకుని చెబితే ప్రార్థన!

ఆయనగారు పక్క గదిలో అంతా విని, టీవీ సౌండ్ పెంచాడు.

టీ ఇస్తుంటే పక్కింటి విమలక్క నా చెయ్యి పట్టుకుంది. "ఏందమ్మా, ఇంట్ల సంగతులు గిట్ల రాస్తరా ఎవరన్న? నీ కోసం రేపు ఉపవాసముంటా." మాడు తల్లీ, నాకేం.

ఇంతసేపూ వాళ్ళను తిట్టాను గానీ అసలు సంగతి రాయలేదు. వదిన ముగించగానే అందరూ ఆమెన్ అన్నారు. చిన్నప్పటి అలవాటు, నేనూ అన్నాను. అందరికంటే గట్టిగా.

అచ్చుకివ్వబోయే ఇరవై కవితల్లోనూ తప్పంతా వాళ్ళదే. ఆ ఆమెన్ మాత్రం నాది. పుస్తకంలో మొదటి పేజీ దానికే.