టీచర్ గారి లాప్‌టాప్ అడిగిన నంబర్

మంగళవారం రాత్రి, రేపల్లె

సలోమీ టీచర్ గారి లాప్‌టాప్‌లో చోటు పెంచబోయి, డిస్క్‌లో పనికిరాదనుకున్న చిన్న భాగం, పార్టిషన్ ఒకటి తీసేశాను. విండోస్ ఆన్ అయ్యేదే దానివల్ల. సాయంత్రానికి దాన్ని వెనక్కి తెచ్చాను గానీ, ఇప్పుడు స్క్రీన్ మీద ఏదో పెద్ద నంబర్ అడుగుతోంది. అది కొట్టకపోతే లోపల ఏదీ తెరుచుకోదు. వాళ్లమ్మాయి ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది. ఎల్లుండి వడ్లమూడి కాలేజీలో చూపించాలి.

లాప్‌టాప్ కొన్న రోజు ఏ మెయిల్ పెట్టారో, ఆ మెయిల్ అకౌంట్‌లోనే ఆ నంబర్ ఉంటుంది. టీచర్ గారిని అడిగితే, "నాకేం తెలుసు బాబూ, తెనాలిలో షాపాయనే ఏదో పెట్టిచ్చాడు" అన్నారు.

ఆ షాపాయన బాషా భాయ్. నాకు కంప్యూటర్ రిపేరు పని నేర్పింది ఆయనే. పోట్లాడి బయటికొచ్చి ఇక్కడ సొంత షాపు పెట్టుకున్నాక మాటల్లేవు. కొన్నవాళ్లందరికీ తన మెయిలే పెట్టేస్తాడు. తప్పక ఫోన్ చేసి, నంబర్ కావాలని మాత్రం అన్నాను.

"ఏరా ఓనరూ, ఏ పార్టిషన్ లేపేశావ్?"

"నంబర్ చెప్పు భాయ్, రాసుకుంటా" అన్నాను.

"నంబర్ నా దగ్గరే ఉంది. ఫోన్లో చెప్పను. పొద్దున్నే టీచర్ గార్ని తీసుకుని రా. ఆవిడ ముందే నంబర్ కొడతా."

విండోస్ దానంతటదే పోయిందని ఆవిడతో ఇదివరకే అబద్ధం చెప్పాను. రేపు తెనాలి దాకా బస్సులో ఆవిడ పక్కనే కూర్చోవాలి.