ఈ ఎండాకాలం మా ఇంటికి ఎవరూ రారు

ఆదివారం, పొద్దున

తీర్మానం చేశాను. ఈ ఎండాకాలం మా ఇంటికి చుట్టాలు రారు. రాకూడదు అని కాదు. రారు!

ఏరు సముద్రంలో కలిసే చోటు మా ఊరు. మా ఇల్లు నీళ్ళకి ఒక్క సందు దూరం. మేడ మీద నిలబడితే రేవు, పడవలు, అవతలి ఒడ్డు కనిపిస్తాయి. అంతే మేం చేసిన పాపం. ఏ ఊళ్ళో ఎండ ముదిరినా అక్కడివాళ్ళకి మేం గుర్తొస్తాం. చలికాలంలో మాత్రం ఉన్నామో పోయామో అడిగే దిక్కుండదు.

నిన్న గిన్నెలు తోముతూ మా ఆవిడ చెప్పేసింది.

“పెళ్ళై వచ్చిన్నాటి నించీ చూస్తున్నా. ఊళ్ళోవాళ్ళంతా వచ్చి నీళ్ళు చూసి పోతారు. నేను చూసే నీళ్ళు ఇదిగో, ఈ కుళాయిలోవి. ఈ ఏడు మీరూ నేనూ గట్టు మీద ఒక్క సాయంత్రం కూర్చోవాలి. కాదూ కూడదని గుమ్మంలో ఎవరి సంచీ దిగినా సరే, నా సంచీ బయటికి పోద్ది. మా అక్క దగ్గర నెలరోజులుంటా. అక్కడ నీళ్ళూ లేవు, చుట్టాలూ లేరు.”

ఊరికే అనే మనిషి కాదు. సంచీ దులిపి కొక్కేనికి తగిలించింది కూడా.

అదే రోజు, సాయంత్రం

సరంగుకి చెప్పాను. ఒకే రేవులో పని చేశాం. వాడు పడవ నడిపేవాడు. నేను గట్టున నిలబడి తాడందుకుని కట్టేవాణ్ణి.

“నువ్వా? చుట్టాల్తో కుదరదంటావా? ఏదీ, ఓసారి అను.”

అన్నాను.

“వినపళ్ళా.”

మళ్ళీ అన్నాను.

“దగ్గొస్తోందా? ఒరేయ్, బతుకంతా వచ్చినదాన్ని వచ్చినట్టు కట్టేశావు. పొమ్మనడం నీ చేతికి రాదురా.”

చూస్తాడుగా.

సోమవారం

మేడ మీద సాధన. “కుదరదు” అన్నాను. పిట్టగోడ మీది పక్షులు లేచి పోయాయి. మంచి శకునం!

వాడుకోవడానికి సాకులు:
ఒకటి, గోడలకి సున్నం వేయిస్తున్నాం.
రెండు, కుళాయి రావడం లేదు.
మూడు, ఆవిడకి నడుం నొప్పి. (ఇది నిజమే.)
నాలుగు, నేను ఊళ్ళో లేను. (ఫోన్ ఎత్తి నేనే ఈ మాట ఎలా చెప్పాలో ఇంకా తేలలేదు.)

మంగళవారం

చుట్టాలు లేరు కదా, ఇవాళే పోదాం పద అన్నాను. ఆవిడ చీర మార్చుకుంది. నేను చొక్కా మార్చుకున్నాను. సందు చివరి దాకా బాగానే వచ్చాం.

బడ్డీకొట్టాయన కేకేశాడు. “ఏంటి పెద్దాయనా, ఎవరొచ్చారు?”

మా ఊళ్ళో ఇదొక పద్ధతి. గట్టుకి పోవడమంటే చుట్టాల్ని తీసుకుపోవడమే. ఉత్తినే పోయేవాణ్ణి మా ఊరు ఇంతవరకూ చూడలేదు.

“ఎవరూ రాలేదు” అన్నాను.

“మరి గట్టుకెందుకు?” అన్నాడు. బెంచీ మీద ఉన్నవాళ్ళు నలుగురూ ఇటు తిరిగారు. మా ఇంట్లో ఏదైనా జరిగిందా అన్నట్టు ఒకాయన జాలిగా లేచి నిలబడ్డాడు కూడా.

“కూరగాయలకి” అన్నాను.

వంకాయలు కొనుక్కుని ఇంటికొచ్చాం. ఆవిడ మళ్ళీ పాత చీర కట్టుకుంది. వంకాయలు తరగడం మొదలుపెట్టింది.

రేపు పోతాం. ఇంకో దారిన.

బుధవారం

మేనబావ ఫోన్. ఏటా గాలి మార్పుకి వస్తాడు. ఈయన వచ్చాక గాలి మారేది మాకే.

“ఒరే బావా! ఇక్కడ ఎండకి కాకులు కూడా చెప్పులు అడుగుతున్నాయిరా! నిన్ను చూడాలనిపిస్తోంది.”

నన్ను! తలచుకుంటే నవ్వొస్తోంది.

గట్టిగా ఊపిరి పీల్చాను. సున్నం గుర్తు చేసుకున్నాను. కుళాయి గుర్తు చేసుకున్నాను. నోరు తెరిచాను. బయటికొచ్చిన మాట: “ఎంతమంది?”

ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది.

గురువారం

దిగారు. ఆరుగురే. (పిల్లల్ని కలపలేదు. పిల్లలు దేవుళ్ళు.)

రెండు రోజులే అన్నాడు. రెండు రోజులకి తీర్మానం పోయినట్టు కాదు. తీర్మానం ఎండాకాలం మొత్తానికి కదా. ఎండాకాలం ఇంకా చాలా ఉంది.

ఆవిడ సంచీ కొక్కేనికి లేదు. మంచం మీద ఉంది. ఖాళీగానే ఉంది. చూశాను.

శుక్రవారం

బావ మేడ మీద నా కుర్చీలో కూర్చున్నాడు. “అబ్బ! ఏం గాలిరా! నువ్వు అదృష్టవంతుడివి బావా. రోజూ చూసేవాడికి విలువ తెలీదనుకో.”

రోజూ చూసేది నేను కాదు. నేను కిందనించి నీళ్ళ బిందె మోస్తున్నాను.

మధ్యాహ్నం నాకే మా ఊరి గొప్ప చెప్పాడు. అవతలి ఒడ్డున దీపస్తంభం ఎప్పుడు కట్టారో, చేపలు ఏ పూట కొనాలో. దీపస్తంభం గురించి తప్పు చెప్పాడు. ఊ కొట్టాను.

స్నానాలగది తూము ఇసకతో పూడింది. పిల్లల తడిబట్టలు మా పడక మీద. అలల చప్పుడుకి నిద్ర పట్టడం లేదని బావ భార్య కిటికీలన్నీ మూయించింది.

మా ఆవిడకి ఇవాళ నడుం పూర్తిగా పట్టేసింది. అయినా అందరికీ వండింది. అందరూ గట్టుకి పోయారు. వస్తూ ఆవిడకి ఒక గవ్వ తెచ్చారు. తీసుకుని పప్పుడబ్బా పక్కన పెట్టింది. అక్కడ అలాంటివి ఒక గిన్నెడు ఉన్నాయి.

శనివారం

రెండు రోజులు అయిపోయాయి. బావ కదల్లేదు. నేను అడగలేదు.

పదకొండింటికి వియ్యంకుడుగారు, అంటే మా అమ్మాయి మామగారు, ఫోన్ చేశారు.

“మీరేం ఇబ్బంది పడకండి బావగారూ. ఏర్పాట్లవీ చేస్తారనే ముందు చెప్పలేదు. స్టేషన్లో దిగాం.”

వియ్యంకుడికి కుదరదని చెప్పినవాడు భూమ్మీద ఇంకా పుట్టలేదు. పుట్టినా వాడికి కూతురుండదు. కాబట్టి ఇది నా తప్పు కిందికి రాదు. 

ఆవిడ సంచీ సర్దింది.

“నా మాట నేను నిలబెట్టుకుంటున్నా. మీ మాట సంగతి మీరు చూస్కోండి.”

నేనూ ఒక సంచీ తీశాను. రెండు చొక్కాలు పెట్టుకున్నాను. ఆవిడ చూసింది. వద్దనలేదు.

బావకి చెప్పాను, అక్కగారింటికి పోతున్నామని.

“హాయిగా పోయిరండి. వియ్యంకుడుగారిని నేను చూస్కుంటాగా. ఇదిగో చెల్లెమ్మా, ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు వచ్చెయ్యండి. మొహమాటపడొద్దు, మీ ఇల్లే అనుకోండి!”

బస్టాండులో ఆవిడ అక్కకి ఫోన్ చేసింది. అక్క గొంతు నాకు కూడా వినిపించింది.

“అదేంటే! నేను బస్సులో ఉన్నా! ఇక్కడ ఎండ చంపేస్తోందే. నాలుగు రోజులు నీ దగ్గర పడుందామని బయల్దేరా.”

ఆవిడ ఫోన్ పెట్టేసి చాలాసేపు చక్రాలున్న ఒక పెట్టెని చూస్తూ కూర్చుంది. ఎవరిదో.

శనివారం, సాయంత్రం

గట్టు ఎదురుగా లాడ్జి. అందులో గది తీసుకున్నాం. ఇన్నేళ్ళుగా దాని ముందు నించి నడిచాను. లోపలికి వెళ్ళడం ఇదే.

లాడ్జి ఆయన పుస్తకం తెరిచాడు. “ఎక్కణ్ణించి వస్తున్నారు?”

ఆవిడే చెప్పింది. “వెనక సందులోంచి.”

నీళ్ళవైపు గదులు దూరం నించి వచ్చినవాళ్ళకి ఇచ్చేశారట. మాది వెనకవైపు. కిటికీ తెరిస్తే మా మేడే కనిపిస్తోంది. నా కుర్చీలో వియ్యంకుడుగారు. పక్కన బావ, చెయ్యి చాపి దీపస్తంభం చూపిస్తున్నాడు. కాసేపటికి అక్కగారు కూడా మెట్లెక్కి వచ్చింది. అందరూ టీ తాగుతూ నీళ్ళు చూశారు. వాళ్ళు నీళ్ళు చూస్తుంటే మేం వాళ్ళని చూశాం.

“టీ ఎవరు పెట్టారంటారు?” అంది ఆవిడ.

“మనం కాదు” అన్నాను.

నవ్వింది. నవ్వితే నడుం పట్టేసింది. అయినా నవ్వింది.

ఆదివారం

ఎదురుగదిలో ఒకావిడ. ఎక్కడో నీళ్ళు లేని ఊరు. వాళ్ళది నీళ్ళవైపు గది. నడవలో మా ఆవిణ్ణి చూసి లోపలికి పిలిచి, బాల్కనీలో కూర్చోబెట్టిందట. చాలాసేపు రాలేదు. గుమ్మం దాకా వెళ్ళాను. లోపలికి పోవడానికి సిగ్గేసింది. మా ఆవిడ మాట వినపడింది.

“లాడ్జికి డబ్బెందుకమ్మా దండగ? వచ్చే ఏడు నేరుగా మా ఇంటికే వచ్చెయ్యండి. ఈ వెనక సందే. మేడ మీద గాలి ఎంత బావుంటుందో!”

గదిలోకి వచ్చాక ఆవిడ నా మొహం చూడలేదు.

“ఏం చేసేదండీ. మహాతల్లి, కుర్చీ జరిపి కూర్చోమంది. నోరు ఊరుకోలేదు.”

“ఎంతమంది?” అన్నాను.

“అడగలేదు. పిల్లలు మాత్రం నలుగురు.”

సోమవారం, పొద్దున

కొత్త తీర్మానం. ఈసారి ఇద్దరం. పళ్ళు తోముకుని మంచం మీద ఎదురెదురుగా కూర్చుని మొదలుపెట్టాం. నేను చుట్టాన్ని, ఆవిడ ఇల్లాలు. “కుదరదండీ” అంది. చాలా బాగా అంది! నాకే మనసు చివుక్కుమంది.

ఇంతలో తలుపు చప్పుడు. లాడ్జి ఆయన.

“పెద్దాయనా, ఏమనుకోకండి. దూరం నించి ఎవరో దిగారు. మీదెలాగూ దగ్గరే కదా. ఇప్పుడే ఖాళీ చేస్తారా?”

నేను ఆవిణ్ణి చూశాను. ఆవిడ నన్ను చూసింది.

“దానికేముంది నాయనా” అన్నాం ఇద్దరం.

సోమవారం, ఇంకాసేపటికి

ఇంట్లో చోటు లేదు. లాడ్జిలో చోటు లేదు. గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. రాయి ఇంకా చల్లగానే ఉంది. రెండు సంచులూ మా ఇద్దరి మధ్య ఉండేవి, ఆవిడ తీసి అటుపక్కకి పెట్టింది.

పడవ ఒకటి పోయింది. ఇంకోటి వచ్చింది. తాడు విసిరారు, ఎవడో అందుకున్నాడు. ముడి సరిగ్గా వెయ్యలేదు. లేవలేదు నేను.

“సాయంత్రం కూర్చుందామనుకున్నాం” అంది ఆవిడ.

“సాయంత్రం దాకా ఉందాం” అన్నాను.

నీళ్ళు దగ్గర్నించి ఇంత పెద్దవని తెలీదంది.

ఫోన్ మోగుతోంది. బావ. ఉప్పు ఎక్కడుందో అడుగుతాడు కాబోలు. 

తీర్మానం: ఎవరడిగినా కుదరదు. ఇద్దరం. రేపటి నించి. ఇవాళ లేవబుద్ధి కావడం లేదు.