ధర చెప్పాను, అమ్ముతానని చెప్పలేదు

నిజామాబాద్,
ఆదివారం.

అక్కకు,

నీ తమ్ముడు గంగాధర్ నమస్కారాలతో రాస్తున్నది. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నూనె రాస్తున్నావా, సీసా గూట్లోనే ఉందా? బావకు దగ్గు తగ్గిందనుకుంటాను. నేను బాగున్నాను. ఫోన్‌లో నీకు సగం వినపడదు, నాకు సగం మాట రాదు. అందుకే కాగితం తీసుకున్నాను.

ఇక్కడికి వచ్చాక ఇది మొదటి పసుపు సీజన్. కమీషన్ దుకాణంలో తూకం చీటీలు రాస్తున్నాను. కాలేజీలో పాఠాలు చెప్పినవాడు గంజ్ మార్కెట్‌లో కూర్చున్నాడని బాధపడకు. పని బాగుంది, ఆలోచించే తీరిక ఇవ్వదు. సాయంత్రానికి చొక్కా, కనురెప్పలు, తాగే నీళ్లు అన్నీ పసుపే. ఎండలు అప్పుడే ముదిరాయి. గది మేడ మీద కాబట్టి రాత్రి పొద్దుపోయేదాకా వేడి దిగదు. అన్నం నేనే వండుకుంటున్నాను. రొట్టె చేతకాలేదు. వీధి చివర ఒకామె జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది, రాత్రికి అవే. విజయ పోయాక ఒక్కడినే తినడం అలవాటవుతోంది. ఏం వండాలో నిర్ణయించడమే ఇంకా రాలేదు. నిజంగా బాగున్నాను, బెంగ పెట్టుకోకు.

ఇక ఊళ్లో నా ఇంటి సంగతి. మొన్నామధ్య నువ్వు ఫోన్ చేసి, "బేరం ఒడిసింది తమ్మీ, మల్లయ్య చక్కెర తెచ్చి నోట్లె పెట్టిండు" అన్నావు. నాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. పక్కింటి మల్లయ్య నాకు ఫోన్‌లో రాసింది ఇంతే: "సార్, మీ ఇల్లు అమ్ముతవా? ఆఖరి ధర ఎంత?" నేను ధర ఒక్కటే రాసి పంపాను. ఆయన "ఒప్పుకున్న" అని రాసి, ఆ సాయంత్రమే నీ ఇంటికి వచ్చాడు. మన దిక్కు బేరం కుదిరితే అమ్మేవాళ్ల నోట్లో చక్కెర పెడతారు, ఆ తర్వాత మాట మారదు. నువ్వు తిన్నావు. నేను ఇల్లు ఇవ్వాలా వద్దా అన్నది అప్పటి నుంచి నాకు నిద్ర పట్టనివ్వలేదు. పెళ్లయినప్పటి నుంచి విజయ తిరిగిన ఇల్లు అది.

ఇంటి ఓనర్ ఎస్తేర్ మేడమ్ వకీలు అని చెప్పాను కదా. ఆమె కింద ఉంటారు. పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి కూరగాయలు తరుగుతుంటే వెళ్లి అడిగాను. ఫోన్ తీసుకొని ఆ రెండు వాక్యాలు చూశారు.

"ఆయన రెండు అడిగిండు. నువ్వు ఎన్నిటికి జవాబిచ్చినవ్?"

"ఒకదానికి."

"మరి అమ్ముత అన్నది ఎక్కడ? ధర చెప్పుడు వేరే, అమ్ముత అనుడు వేరే. దుకాణం అద్దంల చీర మీద ధర చీటీ ఉంటది. అది చూసి నువ్వు పైసలు గల్లా మీద పెడితే చీర నీదైతదా?"

"కాదా?"

"కాదు. ఆ చీటీ నీకు పిలుపు. 'నచ్చితే వచ్చి అడుగు' అనుడు. చట్టం దాన్ని ప్రతిపాదనకు ఆహ్వానం అంటది. అడిగేది నువ్వు. అంటే ప్రతిపాదన నీది. సరే అనేది, వద్దు అనేది దుకాణమాయన. మీ మల్లయ్య ఒప్పుకున్న అన్నడు గని, ఒప్పుకోనీకి అక్కడ ఏమున్నది? ఆ మాటే ఆయన ప్రతిపాదన. దానికి నువ్వు ఇంకా ఏం చెప్పలే."

"మా అక్క చక్కెర తిన్నది మేడమ్."

ఆమె కత్తి పక్కన పెట్టి నన్ను చూశారు. "నీ తరఫున మాటియ్యమని మీ అక్కకు చెప్పినవా?"

"లేదు."

"మరెందుకు తిన్నది?"

"మా ఊళ్లో ఇంటికొచ్చి చక్కెర పెడితే వద్దనరు."

"మంచిగున్నది. నేను ఇన్నేండ్లు కోర్టుకు పోయిన గని చక్కెర కేసు రాలే" అని చాలాసేపు నవ్వారు. తర్వాత బీరకాయ కూర గిన్నెలో పెట్టి ఇచ్చారు.

కాబట్టి నువ్వు చేసినదానితో నేను ఎవరికీ కట్టుబడి లేను. వాడలో ఎవరైనా నిన్ను ఏమైనా అంటే ఆ మాట నాకు చెప్పు.

మేడ ఎక్కి వచ్చాక తేలికగా ఉండాల్సింది. లేదు. ఒక్కటే తెలుసుకోవాలనిపించింది. రెండు ప్రశ్నల్లో రెండోదానికి అంత తొందరగా జవాబిచ్చి, మొదటిదాన్ని ఎందుకు వదిలేశాను?

గురువారం మల్లయ్య తన పసుపు తీసుకొని గంజ్‌కు వచ్చాడు. చక్కెర ఫ్యాక్టరీ బందయ్యాక చెరుకు మానేసి ఆయన పసుపే వేస్తున్నాడు కదా. కుప్ప పోసి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"ఏం సారూ, ధర జెప్పి సప్పుడు జేస్తలేవు. ఎన్కకు జరుగుతున్నవా?"

"ధర అడిగినవ్, చెప్పిన. అమ్ముత అన్ననా?"

"అమ్మనోనికి ధరతోని ఏం పని?"

నేను తూకం చీటీల కట్ట సర్దుకున్నాను.

ఇక్కడ పద్ధతి నీకు తెలియదు. వ్యాపారులు ఒక్కో కుప్ప దగ్గర కొమ్ము విరిచి చూసి, తమ ధర కంప్యూటర్‌లో వేస్తారు. అందులో ఎక్కువది మధ్యాహ్నం రైతుకు చెబుతారు. రైతు సరే అంటేనే సరుకు పోతుంది. మల్లయ్య కుప్పకు వచ్చిన ధర నేనే చదివి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. కుప్ప ముట్టద్దను."

"అమ్మనోనివి గింత దూరం ఎందుకు మోసుకొచ్చినవ్ మల్లన్నా?"

"ఎంత పలుకుతదో జూడనీకి. కుప్ప నాది, నా ఇష్టం..." అని ఆగిపోయాడు. నా ముఖం చూశాడు. తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "వకీలమ్మ ఇంట్ల కిరాయికి దిగినవ్ గదా. ఇగ నీతోని మాట్లాడుడు కష్టమే" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నేను నవ్వి చాలా రోజులైంది.

చాయ్ తాగుతుంటే ఇల్లు ఎందుకని అడిగాను. "ఇద్దరు కోడండ్లు, ఒక్క పొయ్యి. పొద్దున లేస్తే పంచాయితి. పెద్దోడు వేరుబడి బోధన్ పోతనంటున్నడు సార్. పక్కపొంటే ఇల్లుంటే కండ్ల ముందర ఉంటడని ఆశ. నువ్వు వద్దంటే వద్దు. చక్కెర తొందరపడి పెట్టిన. అక్కను ఏమనకు" అన్నాడు.

విజయ మంచం పట్టినప్పుడు ఆయన భార్య రోజూ మా ఇద్దరికీ అన్నం తెచ్చింది. ఆ మాట ఆయన ఎత్తలేదు. ఎత్తి ఉంటే కాదనడం నాకు సులువయ్యేది.

అక్కా, ఆయన కుప్ప తెచ్చినట్టే నేను ధర చెప్పాను. ఆ ఇంటిని ఎవరైనా కావాలనుకుంటున్నారా అని తెలుసుకోవాలనిపించింది. తాళం వేసినప్పటి నుంచి ఆయన రాసేదాకా దాన్ని గురించి ఎవరూ అడగలేదు. అంతకంటే నాకు తెలియదు. మూడు రాత్రులు దీన్నే తిప్పి చూశాను. తాళం వేసి ఉంచితే విజయ అక్కడ ఉండదు. అక్కడ ఎవరైనా వండుకుంటే తనకు ఇష్టమే అయ్యేది.

మల్లయ్యకు నా మాటగా ఇది చెప్పు. ఇల్లు ఆయనకే అమ్ముతాను, ధర నేను రాసిందే. వంటింటి సామాను నేనే వచ్చి తీస్తాను, అప్పటిదాకా ఆ గది తెరవొద్దు. మిగతా గదుల్లోకి పెద్దకొడుకు రేపు దిగినా సరే. ఇది పిలుపు కాదు, ప్రతిపాదన. ఆయన జవాబు నా తరఫున వినమని ఈసారి నేనే నీకు అధికారం ఇస్తున్నాను. ఆయన నీతో సరే అంటే నాతో అన్నట్టే.

వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం ఎల్లిపాయ కారం, నా ఎర్ర దుప్పటి పంపు. బావకు, పెద్దమ్మకు నా నమస్కారాలు. పిల్లలను అడిగినట్టు చెప్పు. నువ్వు దీవిస్తే నాకు అంతే చాలు.

ఇంకొకటి. అవతలివాళ్లు సరే అనేదాకా ఎవరైనా తన ప్రతిపాదనను వెనక్కి తీసుకోవచ్చని మేడమ్ చెప్పారు. నా సంగతి నాకు తెలుసు. ఉత్తరం చదివిన పూటే మల్లయ్య ఇంటికి వెళ్లు. ఆయన సరే అన్నాకే నాకు ఫోన్ చెయ్యి, ముందు చెయ్యకు.

నీ తమ్ముడు,
గంగాధర్