మూడో వద్దు

మొఘల్‌పురా,
సోమవారం

విమలాదేవి వదినగారికి,

గోదా నమస్కారాలు. నిన్న మీరు, అన్నయ్యగారు, మా కాబోయే అల్లుడు రాహుల్ మా ఇంటికి భోజనానికి వచ్చినందుకు మాకు చాలా సంతోషం. ఈ మాట ఫోనులో చెప్పవచ్చు. కానీ స్పీకరు పెడితే గాని మావారికి వినపడదు, మీ ఇంట్లోనూ అంతేనని రాహుల్ చెప్పాడు. ఇంటిల్లిపాదీ వింటుంటే మనం ఎండల గురించి తప్ప ఏం మాట్లాడుకుంటాం? అందుకని రాస్తున్నాను. మొఘల్‌పురా నుంచి మలక్‌పేటకు ఉత్తరమేమిటని నవ్వకండి.

సంగతి ఏమిటంటే, అన్నయ్యగారు సరిగా తినలేదు. పులిహోర రెండోసారి వడ్డించబోతే "వద్దమ్మా" అన్నారు. వెంటనే గిన్నె తీసుకెళ్ళిపోయాను. చక్కెర పొంగలి వద్దన్నారు, తీసేశాను. అప్పడం సంగతీ అంతే. వంటలో లోటేమైనా ఉంటే దాచకుండా చెప్పండి. వచ్చే నెల నిశ్చితార్థం. మా అభిజ్ఞ మనసులో ఉన్నది పైకి చెప్పే పిల్ల. దాని మాట ఉన్నదున్నట్టు వినే ఇంటికి వెళ్ళాలన్నదే నా కోరిక. కాబట్టి మన మధ్య మొహమాటం వద్దు.

ఇట్లు,
మీకు వియ్యపురాలు కాబోతున్న
గోదా

తా.క. పులిహోర గిన్నె వంటింట్లోకి వెళ్ళేదాకా అన్నయ్యగారు దాన్నే చూశారు. మరక ఏమైనా ఉందేమోనని మళ్ళీ తోమించాను.


మలక్‌పేట,
బుధవారం

గోదా వదినగారికి విమలాదేవి నమస్కరించి రాస్తున్నది.

వంటలో లోటు అన్న మాట మీరు రాయవచ్చునా? అన్నీ మస్తుగా ఉన్నాయి. ఆయన ఇంటికి వచ్చాక కూడా పడుకునేదాకా మీ పులిహోర గురించే మాట్లాడారు. మిగిలింది ఎవరు తిని ఉంటారా అని కూడా ఆలోచించారు. ఈమధ్య తిండి విషయంలో కొంచెం జాగ్రత్తగా ఉంటున్నారు, అంతకుమించి ఏమీ లేదు. గంజ్‌లో మిర్చి దుకాణం అంటే పొద్దుగూకేదాకా కూర్చునే పని కదా.

ఈ ఆదివారం మీరంతా మా ఇంటికి భోజనానికి రావాలి. అన్నయ్యగారు మొహమాటపడతారని విన్నాను. మా ఇంట్లో ఆ ఆటలు సాగవని ముందే చెప్పండి.

మీ రాక కోసం చూస్తూ,
విమలాదేవి

తా.క. ఆ రోజు తోవలో ఆయన ఒంట్లో ఎట్లనో ఉందని కారు ఆపించి, కాసేపు గాలికి నిలబడ్డారు. తర్వాత నిమ్మళించారు. రాత్రి అన్నం కూడా వద్దన్నారు. మీరు ఫికర్ చేయకండి.

మరొక మాట. ఈ ఉత్తరాలు అటూ ఇటూ తెచ్చే పని రాహుల్ తానే చేస్తానన్నాడు. మీ గుమ్మంలో ఒక కవరు ఇచ్చి రావడానికి వాడికి రెండు గంటలు పడుతున్నది. మనం గమనించనట్టే ఉందాం.


మొఘల్‌పురా,
సోమవారం

వదినగారికి,

నిన్న మీ ఇంట్లో జరిగిన మర్యాద గురించి ఎంత రాసినా తక్కువే. మావారు మంచం మీద నుంచే మీకు నమస్కారాలు చెప్పమన్నారు. ఆయన ఇంకా మీ బక్షాలనే తలుచుకుంటున్నారు. మేము వాటిని బొబ్బట్లంటాం. ఎన్ని తిన్నారో నేను లెక్కపెట్టాను. లెక్కపెట్టడం నా అలవాటు, పైకి చెప్పడం మర్యాద కాదు. ఆయన చాలు అన్నప్పుడల్లా మీరు ఇంకొకటి వేశారు. విస్తరి మీద చేతులు అడ్డం పెడితే చేతుల మీద వేశారు. చివరికి ఆయన ఏమీ అనకుండా కూర్చుంటే, ఇష్టమైందనుకుని రెండు వేశారు.

ఇక అసలు విషయం. తిండిలో జాగ్రత్త, తోవలో ఒంట్లో ఎట్లనో ఉండటం, రాత్రి అన్నం మానడం. ఇవన్నీ ఒకచోట రాసుకుని చూశాను. మా ఆడపడుచు వసుధకు షుగర్ మొదలైనప్పుడు సరిగ్గా ఇలాగే ఉండేది. పైకి చెప్పుకోలేక మీరెంత ఇబ్బంది పడ్డారో నాకు అర్థమైంది. ఎవరికీ తెలియనివ్వను. ఇకపైన మంగళవారం, శుక్రవారం రాహుల్ చేతికి క్యారియర్ ఇస్తాను. జొన్న రొట్టె, కాకరకాయ కూర, మెంతుల నీళ్ళు. షుగర్ వెంట బీపీ కూడా వస్తుంది కాబట్టి ఉప్పు ముందే మానేశాను.

మీ ఇంటి మేలు కోరే,
గోదా

తా.క. మెంతుల నీళ్ళు తాగాక ఎవరినైనా తిట్టాలనిపిస్తే మందు పనిచేస్తున్నట్టు.


మలక్‌పేట,
శుక్రవారం

గోదా వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు ఇంత ప్రేమగా అర్థం చేసుకున్నాక కాదని ఎట్లా అంటాను? కొంచెం షుగర్ ఉన్నట్టే అనుకోండి.

రెండు క్యారియర్లూ అందాయి. తినేదాకా అక్కడే కూర్చోమని అభిజ్ఞ చెప్పిందట, రాహుల్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన ఒక్కో ముద్దకు ఒకసారి వాడి వైపు చూశారు. కన్న కొడుకును ఆయన అట్లా చూడటం నేనెప్పుడూ ఎరగను. కాకరకాయ తింటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదంతా మీ అభిమానానికే.

అన్నయ్యగారు మంచం మీద కూడా బక్షాలే తలుచుకుంటున్నారంటే నాకు ఊరుకోబుద్ధి కాలేదు. పెద్ద డబ్బా నిండా పంపుతున్నాను. ఈసారి నెయ్యి రెట్టింపు పోశాను.

ఉంటాను,
విమలాదేవి

తా.క. ఈ పథ్యానికి గుణం ఎన్నాళ్ళకు కనిపిస్తుందని ఆయన అడగమన్నారు. గుణం ఇప్పటికే వచ్చేసిందని ఆయన అభిప్రాయం.


మొఘల్‌పురా,
మంగళవారం

వదినగారికి,

జవాబు పది రోజులు ఆలస్యమైంది. బక్షాల డబ్బా చూడగానే మావారు లేచి నిలబడ్డారు. వాటి రుచి మా గల్లీ మొత్తానికి తెలిసింది. ఖాళీ డబ్బా మీకు ఇచ్చి రావడానికి ఆయనే స్వయంగా మలక్‌పేట వచ్చారు కదా.

ఇప్పుడు నిశ్చితార్థం భోజనాల గురించి. అన్నయ్యగారి ఒక్కరికే పథ్యం వడ్డిస్తే పక్క విస్తరివాళ్ళు అడుగుతారు, ఆయన జబ్బు నలుగురిలో పడుతుంది. అది వారికి ఎంత చిన్నతనం. బాగా ఆలోచించి, మగపెళ్ళివారందరికీ ఒకే వంట పెట్టాలనుకున్నాను. జొన్న రొట్టె, ఉప్పు లేని పప్పు, కాకరకాయ రెండు రకాలు. మిఠాయికి బదులు మొలకెత్తిన పెసలు. ఇక ఎవరికీ అనుమానం రాదు.

మీ గౌరవం నా గౌరవమనుకునే,
గోదా

తా.క. బేగంబజార్ నుంచి మీ బంధువులు ఎంతమంది వస్తారో రాయండి. అంత లేత కాకరకాయలు ఒక్కచోట దొరకవు.


మలక్‌పేట,
బుధవారం

గోదా వదినగారికి,

మీ ఆలోచన గొప్పది. మా గౌరవం గురించి ఇంత దూరం ఆలోచించినవారు మా చుట్టాల్లోనే లేరు.

ఒక శుభవార్త. నిన్న కొత్త డాక్టరుకు చూపించాం. అతను కాగితాలన్నీ చూసి, "మీకు షుగర్ ఉందని ఎవరు చెప్పిన్రు?" అని అడిగాడు. వియ్యపురాలు చెప్పిందని అనలేక మావారు తల వంచుకున్నారు. ఏమీ లేదని, అన్నీ తినవచ్చని డాక్టరు చెప్పాడు. కాబట్టి మీరు మామూలు వంటే చేయించినా మాకు అభ్యంతరం ఉండదు. చేయించమని కాదు. మీ ఇష్టం.

ఆలోచించమని కోరుతూ,
విమలాదేవి

తా.క. మావాళ్ళది తరతరాల దుకాణాల బతుకు. పెసలకు మొలకలు కనిపిస్తే సరుకు తడిసి పాడైందని తూకం వేసి వెనక్కి పంపుతారు గాని, తినరు.


మొఘల్‌పురా,
గురువారం

వదినగారికి,

డాక్టర్లు ధైర్యం చెప్పడానికి అలాగే అంటారు. మా వసుధ వదినకు కూడా మొదట అలాగే చెప్పారు. నేను నమ్మను.

రేపు సాయంత్రం వంటవాళ్ళకు మాట ఖాయం చేస్తాను. ఈలోగా మీరు చెప్పదలుచుకున్నది ఏదైనా ఉంటే రాయండి. ఏం రాసినా నేను తప్పుగా తీసుకోను. ఏమీ రాకపోతే మొలకలకు పెసలు నానబోయిస్తాను.

మీ జవాబు కోసం చూసే,
గోదా

తా.క. మగపెళ్ళివారి వైపు ఉప్పు డబ్బాలు కూడా పెట్టనివ్వను. కంటికి కనిపిస్తే మనసు లాగుతుంది.


మలక్‌పేట,
శుక్రవారం పొద్దున

గోదా వదినా,

ఇప్పటిదాక అంత పుస్తకాల తెలుగుల రాసిన. అబద్ధాలు రాయనీకి గా తెలుగే మంచిగుంటది. ఇది మా ఇంటి తెలుగుల రాస్తున్న.

మా ఆయనకు షుగర్ లేదు. బీపీ లేదు. ఆ రోజు ఆయనకు ఉన్నది ఆకలి.

మా దిక్కు విస్తరి ముంగట మొదటి వద్దు మర్యాదకు అంటరు. రెండో వద్దు మొహమాటానికి. మూడో వద్దే నిజం వద్దు. మా ఇంట్ల పాలు మరిచిన పిల్లలకు కూడ ఇది ఎరుకే. మీరు మొదటి వద్దుకే గిన్నె లేపుకపోయిన్రు. కారెక్కినంక ఆయన ఒకటే మాట. "ఏందే విమలా, నేను మర్యాదకు వద్దంటి. గాళ్ళు నాకన్న మర్యాదగ తీస్కపాయిరి." తోవల కారు ఆపింది గాలికి కాదు, మిర్చి బజ్జీలకు. రెండు ప్లేట్లు తిన్నడు. గందుకే రాత్రి అన్నం వద్దన్నడు. మీకు రాసినవాటిల గదొక్కటే నిజమైన వద్దు.

ముందుగాలనే చెప్పకపోతిని. ఎందుకంటె, కోడలు ఇంట్ల అడుగు పెట్టకముందే వాళ్ళింట్ల తిండి సరిపోలేదన్న అత్త అని పేరొస్తదని భయపడ్డ. గా భయంతోని ఒక మాట కప్పిన, దాని మీద ఇంకోటి కప్పిన. నిన్న మీ వంటల సంగతి ఆయనకు చదివి వినిపించిన. "మా పెద్దన్న ముంగట మొలకలు పెడ్తే నా ఇజ్జత్ ఏం కావాలె?" అన్నడు. నేనన్న, "మన ఇజ్జత్ సంగతి తర్వాత. మనం చెప్పిన అబద్ధానికి గా పిల్ల తల్లి ఊరంత తిరిగి కాకరకాయలు వెతుకుతున్నది. ఆమెకు ఎవరు జవాబు చెప్పాలె?" ఆయనే కాగితం, కలం తెచ్చి నా ముంగట పెట్టిండు. "రాయి పో. ఉన్నదున్నట్టు రాయి" అన్నడు.

మీకు కోపమొస్తే తిట్టుండ్రి, పడ్త. పిల్లల పెండ్లి మాత్రం ఆపకుండ్రి.

మీ విమల

తా.క. మెంతుల నీళ్ళు మా గులాబీ కుండీల పోసిన. చెట్టుకు షుగర్ ఏం లేకుండె. అయినా ఎండిపోయింది.


మొఘల్‌పురా,
శుక్రవారం సాయంత్రం

విమల వదినా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వు ఆగలేదు. రెండోసారి, ఇన్నాళ్ళకు గుండె తేలికపడింది. ఇప్పుడు నేను చెప్పవలసింది ఉంది.

ఉప్పు లేని వంట అంటూ ఏదీ లేదు. వంటవాళ్ళతో ఆ మాట నేను అననేలేదు. పులిహోర, పొంగలి, నాలుగు కూరలు అని మొదటి రోజే చెప్పి ఉంచాను. బయానా కూడా ఇచ్చాను.

డబ్బా ఇవ్వడానికి మావారు మలక్‌పేట వచ్చారు కదా. మీ సందు మొదట్లో బజ్జీల బండి దగ్గర అన్నయ్యగారు ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నారట. ఈయన్ని చూసి ప్లేటు వెనక్కి దాచారట. ఆయన ఇబ్బంది పడకూడదని ఈయన ఆకాశం వైపు చూశారట. అది చూసి ఆయనా ఆకాశం వైపు చూశారట. అలా చూస్తూ, పక్కపక్కన నిలబడి, ఇద్దరూ ఆ ఒక్క ప్లేటే ఖాళీ చేశారు. చివర్లో అన్నయ్యగారు "ఇయాల కారం తక్కువున్నది" అంటే ఈయన "అవును బావగారూ" అన్నారట. అంతే మాట్లాడుకున్నది. ఈ సంగతి నాకు వారం తరువాత, చొక్కా మీద చట్నీ మరక ఉతుకుతూ అడిగితే చెప్పారు.

మీ మాట నిజం కాదని అప్పుడే తెలిసింది. తెలిసిందని రాస్తే మిమ్మల్ని మొహాన అన్నట్టవుతుంది. అది నావల్ల కాలేదు. కానీ లోపల దిగులు పట్టుకుంది. మావారు ఎన్నిసార్లు చాలన్నా ఆగని ఇల్లు. ఆకలేసిందని చెప్పలేక జబ్బు ఉందని ఒప్పుకునే ఇల్లు. రేపు నా కూతురు ఆ ఇంట్లో వద్దు అంటే, అది ఎన్నో వద్దు అని చూస్తారో ఏమో. దాచకుండా చెప్పమని మొదటి ఉత్తరంలోనే అడిగాను, మీరు చెప్పలేదు. అందుకే బేగంబజార్ పెద్దల ముందు మొలకలు పెడతానని రాశాను. మీరు నవ్వుతూ వాళ్ళందరి చేతా అవి తినిపిస్తారా, నాకు ఉన్నమాట రాస్తారా అని చూశాను. మీరు రాశారు. అదీ మీ ఇజ్జత్ కన్నా నా తిప్పలను ముందు పెట్టి రాశారు.

నేనేమీ మీకన్నా నిజాయితీపరురాలిని కాదు. మావారు మంచం మీద తలుచుకున్నది బక్షాలను కాదు, దేవుణ్ణి. కడుపు ఉబ్బి రెండు రోజులు ఆఫీసుకు పోలేదు. మీరు పంపిన డబ్బా గల్లీలో ఇంటికి ఇన్ని చొప్పున పంచేశాను. మావాళ్ళు కోవెల కైంకర్యం చేసేవాళ్ళు. ప్రసాదం విస్తట్లో మిగలకూడదని వద్దన్నవారికి వడ్డించం. ఒక్కసారి అడిగి, వాళ్ళు చెప్పింది నమ్ముతాం. మీ ఆయన ఆకలితో లేస్తారని నాకు తట్టనే లేదు. అందుకు క్షమించండి.

మీ ఉత్తరం అభిజ్ఞకు ఇచ్చాను. చదివి, మడిచి, తన దగ్గరే పెట్టుకుంది. "అత్తమ్మ గిట్ల రాయగలిగితే నాకేం ఫికర్ లేదమ్మా" అంది.

నిశ్చితార్థం నాడు అన్నయ్యగారికి నేనే వడ్డిస్తాను. మూడుసార్లు అడుగుతాను. మావారి విస్తరి దగ్గర మీరు నిలబడండి, చేతులు కట్టుకుని.

మీ గోదా

తా.క. నేను పెట్టిన పరీక్షకు మీకు కోపం వచ్చి ఉంటే, వచ్చిందనే రాయండి. "ఏం పర్వాలేదు" అని రాస్తే నమ్మేస్తాను. రెండోసారి అడగడం మాకు అలవాటు లేదు.