ఎవరూ పెట్టని మందు

తుడియలూరు,
17 ఆగస్టు 2025, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి గోపికకు అక్క సుందరవల్లి దీవించి రాయునది. ఇక్కడ నేను ఉన్నాను. అక్కడ నువ్వెలా ఉన్నావో చెప్పేవాళ్ళు లేక, బాగున్నావనే అనుకుని మొదలుపెడుతున్నాను.

ఫోనులో నా నంబరు ఆపేశావు కదా, అందుకే ఈ కాగితం. నాయన మనిద్దరినీ కూర్చోబెట్టి, తిట్టి మరీ నేర్పిన తెలుగు అక్షరాలు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చాయి. కారమడైలో మీ అత్తగారింట అందరూ తెలుగే మాట్లాడినా, చదివేది తమిళమే. ఇది నువ్వు తప్ప ఎవరూ చదవలేరు. చదివాక చించెయ్, నాకేం బాధ లేదు. చదవకుండా చించావో, వచ్చి చెవి మెలిపెడతాను.

మీ అత్త వీరాయి ఊరంతా చెప్పిన మాట నా దాకా వచ్చింది. మొగుడు పోయిన మనిషి, పిల్లాజెల్లా లేని మనిషి, చెల్లెలి కాపురం చూసి ఓర్వలేక సందగైలో మందు కలిపి పెట్టిందట. సరే, కుండకు మూకుడుంది గానీ ఊరి నోటికి మూకుడేది? ఆవిడ అంటే అంది. నువ్వెలా నమ్మావే అమ్మణీ! అదే నాకు మింగుడుపడలేదు.

ఆ సందగై చేసింది మనిద్దరమే కదా. ఉడికిన పిండి ఉండలు నేను అచ్చులో వేస్తుంటే, పైనుంచి బరువంతా ఆనించి తీగలు తీగలుగా నొక్కింది నువ్వే. నేను మందు కలిపేటప్పుడు నీ కళ్ళు ఎక్కడికి పోయాయి? తిన్న వారానికి నీకు విరేచనంలో రక్తం పడింది, అంతే, నేను మంత్రగత్తెనైపోయాను. ఆ అచ్చు ఇప్పుడు అటక మీదుంది. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. తినబుద్ధయినా కొట్టులో కొనను, అది నమిలితే రబ్బరులా ఉంటుంది.

ఆడి మాసంలో మీ మరిది ఉదయకుమార్ మోటారు కాలిపోయిందని మా వర్క్‌షాపుకు తెచ్చాడు. నేను కాయిలు చుడుతున్నాను. పక్కన నిలబడి నెమ్మదిగా, అవినాశి కాడ మందు తీసే ఒక ముసలి పాటి వదిన పొట్ట మీద గొట్టం పెట్టి పీల్చి నల్లటి ఉండ ఉమ్మి చూపించింది అక్కా, మందు వచ్చేసినాదని వదిన మాత్రలు నిలిపేసినాది, అయినా రక్తం పడతానే ఉండాది అని చెప్పాడు. ఆ రోజు ఇంక నా చేతికి పని సాగలేదు.

కోయంబత్తూరులో పేగుల డాక్టరమ్మ ఉంది, మధుమిత అని. ఆమెను అన్నీ అడిగాను. సిగ్గు విడిచి మందు పెట్టడం సంగతీ అడిగాను. ఆమె నవ్వలేదు, పాపం. మన ఒంట్లోకి క్రిములొస్తే పట్టుకోవడానికి రక్తంలో యాంటీబాడీలని కాపలావాళ్ళు పుడతారట. కొందరిలో కొన్ని దారి తప్పి, సొంత పేగు పొరనే పరాయిదనుకుని దాని మీద పడతాయట. వాటిని ఆటోయాంటీబాడీలంటారు. నీ జబ్బున్న చాలామంది రక్తంలో అవి కనబడతాయట. కొందరిలో జబ్బు బయటపడడానికి ఏళ్ళ ముందే వచ్చి కూర్చుంటాయట. పేగులో పుండు చేసేది అవేనా, లేక పుండుతోపాటు వచ్చి చేరేవా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదని కూడా ఆమె దాచకుండా చెప్పింది. కానీ అన్నంలో కలిపి పెడితే వచ్చేది కాదమ్మా, ఆ ముసలామె ఉమ్మింది మీ చెల్లెలి పొట్టలోది కాదు అని గట్టిగా చెప్పింది.

అందుకని నీకు దండం పెడతాను, మాత్రలు మానకు. ఇలాగే వదిలేస్తే పెద్దపేగు కోసి తీసెయ్యాల్సి రావచ్చట. నా మీద కోపం ఉంచుకో, మాత్రలూ మింగు. రెండూ ఒకేసారి చెయ్యొచ్చు, నీకు ఆ తెలివి ఉంది.

నా సంగతి ఏం రాయను? ఆదివారం వస్తుందంటేనే భయం. మెషీన్ల చప్పుడు ఉండదు, పలకరించే మనిషి ఉండదు. పక్కింటి కోమలవల్లికి పులుసు ఇస్తే గిన్నె తోమి తెచ్చి ఇచ్చింది, బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. వెనక సందులో పారబోసింది, చూశాను. నా చేతి కూడు తినేవాళ్ళు ఈ వీధిలో ఒక్కరూ లేరు. ఏడుపొస్తోంది గోపికా, దాచడం దేనికి.

పిల్లలకు ముద్దులు. మీ ఆయన కృష్ణన్‌ను అడిగానని చెప్పు. చెప్పకపోయినా సరే.

నీ మంచి కోరేదీ, నీ మీద కోపం పోనిదీ,
అక్క
సుందరవల్లి

తా.క.: డాక్టరమ్మ దగ్గరికి నీకోసం వెళ్ళాననుకుని కరిగిపోకు. నాకోసమే వెళ్ళాను. ఎండాకాలం నుంచి నాకూ రక్తం పడుతోంది. కెమెరా పెట్టి చూశారు, నీ జబ్బే. నా రక్తంలో ఆ దారి తప్పిన కాపలావాళ్ళూ ఉన్నారు. తోడబుట్టినవాళ్ళకు ఇలా రావడం ఉందట. మీ అత్తను ఒక్కమాట అడుగు. నా వంట నేనే వండుకుని, నేనొక్కదాన్నే తింటున్నాను. మరి నాకు ఎవరు పెట్టారట?